ఆకుపచ్చ పాదం

పిచ్చుక నేలమీద పడి ఉంది. చెవులకున్న హెడ్‌సెట్టు ఇంకా ఊడలేదు. అందులోంచి ఎవరో పెద్దావిడ గొంతు సన్నగా వినిపిస్తోంది. ఫ్రిజ్జు కింద నీళ్ళు మడుగు కట్టాయట. మెకానిక్కు ఎప్పుడొస్తాడో చెప్పకుండా మధ్యలో నోరు మూసుకుంటే ఎలాగని నిలదీస్తోంది.

మేనేజరు తన అద్దాల గదిలోంచి పరిగెత్తుకొచ్చేసరికి చుట్టూ జనం మూగిపోయారు. వాళ్ళని రెండు చేతులా నెట్టుకుంటూ వెళ్ళి చెల్లెలి పక్కన కూలబడ్డాడు. ఆమె పెదవులు నీలం తిరిగాయి. ఒక్కో ఊపిరీ బావిలోంచి తోడినట్టు లాగుతోంది. అన్నని చూసి ఏదో చెప్పబోయింది. మాట పెగల్లేదు. చెయ్యి మాత్రం కుడి కాలి పిక్క వైపు పాకింది.

అంబులెన్సుని పిలవమన్నాడు. పక్క సీటు అమ్మాయి అప్పటికే పిలిచేసింది. వంగి పిచ్చుక చెవులనుంచి హెడ్‌సెట్టు తీసిందీ, ఫ్రిజ్జు పెద్దావిడకి క్షమాపణ చెప్పి లైను పెట్టేసిందీ కూడా ఆ అమ్మాయే. లైను పెట్టీ పెట్టగానే పిచ్చుక బల్లమీది దీపం మళ్ళీ వెలిగింది. తర్వాతి కాల్.

అది ఫ్రిజ్జులూ వాషింగ్ మెషీన్లూ చెడిపోతే జనం ఫోను చేసే ఆఫీసు. మేనేజరు అక్కడ పదేళ్ళుగా పాతుకుపోయిన మనిషి. చెల్లెల్ని తనే తీసుకొచ్చి ఉద్యోగంలో పెట్టాడు. చిన్నప్పుడు ఆమెకి జడ వెయ్యాలంటే తల్లి ఇల్లంతా దువ్వెన పట్టుకుని వెంటపడాల్సి వచ్చేది. అందుకని ఇంట్లో పిచ్చుక అన్నారు. ఒకసారి మేనేజరు నోరుజారి అందరిముందూ అలాగే పిలిచాడు. అంతే, ఆఫీసుకీ పిచ్చుకే అయిపోయింది.

అంబులెన్సులో ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. మేనేజరు జేబులో ఫోను మోగింది. ప్రధాన కార్యాలయం. మధ్యాహ్నం మేం కప్పు తీసుకుని వస్తున్నాం, ఏర్పాట్లు పూర్తయ్యాయా అని అడిగారు. అయ్యాయని చెప్పాడు. చెల్లెలి సంగతి చెప్పలేదు. ఆస్పత్రికి వెళ్ళాక చెబుదాంలే అనుకున్నాడు.

ఆ కప్పు వస్తే ఏడాది చివర్లో పై పదవి, పెద్ద కుర్చీ, తనదేనని అతను మనసులో ఎప్పుడో ఖాయం చేసుకున్నాడు. కథ ఇదీ. ఫోను పనివాళ్ళు పొద్దస్తమానం కూర్చుని జబ్బుల పాలవుతున్నారని కంపెనీ పెద్దలకి ఉన్నట్టుండి బెంగ పట్టుకుంది. అన్ని ఊళ్ళ ఆఫీసులకీ 'లేచి నడవండి' అని ఒక కార్యక్రమం పంపారు. గంటకోసారి గంట మోగుతుంది. అందరూ లేచి కాసేపు అటూ ఇటూ తిరగాలి. ప్రతి మనిషి మణికట్టుకీ ఒక బ్యాండు. నడుస్తుంటే మేనేజరు ఫోనులో ఆ మనిషి పేరు పక్కన ఆకుపచ్చ పాదం కదులుతుంది. కూర్చుంటే పాదం బూడిదరంగుకి మారి ఆగిపోతుంది. ఎవరి ఆఫీసు ఎక్కువ నడిస్తే వాళ్ళకి కప్పు.

మేనేజరు ఆఫీసు అన్ని ఊళ్ళనీ దాటేసింది. అందులోనూ అందరికంటే పైన ఉన్న పేరు పిచ్చుకది. కిందటి వారమే అతను సిబ్బందిని నిలబెట్టి, చూసి నేర్చుకోండర్రా అని ఆమెని చూపించాడు. ఆమె తలొంచుకుని నవ్వింది. సిగ్గనుకున్నాడు.

ఆస్పత్రిలో ఒక లేడీ డాక్టరు ఎదురొచ్చింది. మాట తక్కువ, చెయ్యి చురుకు. మంచం చుట్టూ తెర లాగి పిచ్చుక గుండె విని, కళ్ళు చూసి, కాళ్ళ దగ్గరికి వెళ్ళింది. కుడి పిక్క నొక్కగానే పిచ్చుక మాస్కులోంచే మూలిగింది.

అప్పుడే పిచ్చుక భర్త వచ్చాడు. బేకరీలో రొట్టెలు కాల్చే మనిషి. మోచేతుల దాకా పిండి అలాగే ఉంది, కడుక్కునే తీరిక లేక వచ్చేశాడు. కాలు నొప్పి కొన్నాళ్ళుగా ఉందని, రాత్రిళ్ళు తనచేత నూనె రాయించుకుంటోందని డాక్టరుకి చెప్పాడు. వాపు కూడా ఉన్నట్టే అనిపించిందన్నాడు. ఎందుకని అడిగితే ఆఫీసులో నడక ఎక్కువైందని చెప్పిందట.

డాక్టరు చెయ్యి పిక్క మీదే ఆగింది. "ఎక్కువసేపు కదలకుండా కూర్చునే పనా?"

ఆ ప్రశ్న మేనేజరుని అడిగింది. అతనికి అది తన ఆఫీసు మీద నింద లాగా వినిపించింది.

"ఫోను పనే డాక్టరు గారూ. కానీ ఈమె కూర్చునే రకం కాదు. మా ఆఫీసు మొత్తంలో ఎక్కువ నడిచేది ఈమే. ఇదిగో, చూడండి."

ఫోను తీసి వారం తాలూకు నడకంతా చూపించాడు. తెరనిండా ఆకుపచ్చ. డాక్టరు చూసింది. మరోసారి చూసింది. కదలకుండా కూర్చునేవాళ్ళ కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంటుంది, అదేమోనని అనుమానపడ్డాను, ఇంత నడిచే మనిషికి అది అరుదు అంది. చిన్నప్పుడు ఉబ్బసం ఏమైనా ఉందా అని అడిగింది. చలికాలంలో పిల్లికూతలు వచ్చేవని మేనేజరే గుర్తు చేసుకుని చెప్పాడు. డాక్టరు చెయ్యి పిక్క మీంచి లేచింది. స్కాను యంత్రం ముందు అప్పటికే వరస ఉంది. ముందు ఉబ్బసానికి మందు పట్టిద్దాం, గుండె పరీక్షలు చేద్దాం, తగ్గకపోతే స్కాను చూద్దాం అని నర్సుకి పురమాయించింది.

నర్సు సూది గుచ్చడానికి పిచ్చుక చొక్కా చేతులు పైకి మడిచింది. ముందు కుడి చెయ్యి. నరం దొరకలేదు. తర్వాత ఎడమ చెయ్యి.

మేనేజరు చూపు అక్కడ ఆగిపోయింది. రెండు మణికట్లూ బోసిగా ఉన్నాయి.

బ్యాండు లేదు. పడిపోయినప్పుడు ఊడిందేమో అనుకుంటూ ఫోనులో మళ్ళీ చూశాడు. అందరికంటే పైన చెల్లెలి పేరు. దాని పక్కన ఆకుపచ్చ పాదం. ఆ పాదం కదులుతోంది.

పిచ్చుక మంచం మీద ఉంది. పిచ్చుక నడుస్తోంది.

డాక్టరు చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి మందు రాస్తోంది. ఒక్క మాట చాలు. ఈ నడక ఈమెది కాదేమోనండీ అంటే చాలు. నోరు తెరిచాడు కూడా.

ఫోను మోగింది. ప్రధాన కార్యాలయం వాళ్ళు బయల్దేరారట. ఫొటోగ్రాఫరు కూడా వెంట ఉన్నాడట. ఎక్కువ నడిచిన అమ్మాయే కప్పు అందుకునేలా చేద్దామన్నారు.

అలాగేనని చెప్పి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఎవరో ఆమె బ్యాండు కొట్టేసి పెట్టుకుని ఉంటారు, ఇవాళే కొట్టేసి ఉంటారు, కిందటి వారం నడక ఆమెదే అయివుంటుంది అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. సంగతేమిటో పూర్తిగా తెలియకుండా డాక్టరుకి ఏదో ఒకటి చెబితే, అది బయటికి పాకితే, ఆఫీసు పరువంతా గంగలో కలుస్తుంది. ముందు దొంగని పట్టుకోవాలి. ఆ తర్వాత చెప్పాలి.

ఏమైందని భర్త అడిగాడు. ఆఫీసు గొడవ, ఇప్పుడే వచ్చేస్తానని టాక్సీ ఎక్కాడు.

ఆఫీసులో అడుగుపెట్టేసరికి గంట మోగింది. సిబ్బంది హెడ్‌సెట్లు తీసి లేచారు. వరసల మధ్య నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి తలుపు దాకా నడవసాగారు. ఎవరి చేతికి వాళ్ళ బ్యాండు ఉంది. ఆ మూలన పిచ్చుక సీట్లో మాత్రం పక్క సీటు అమ్మాయి కూర్చుని ఉంది. ఒక కాల్ ముగించేలోగా ఇంకో దీపం, అది అందుకునేలోగా మరోటి. ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడుతోంది.

మేనేజరు గది మధ్యలో నిలబడి, నా చెల్లెలి బ్యాండు ఎవరి దగ్గరుందని అడిగాడు. అడుగులు ఆగిపోయాయి. సిబ్బందిలో అందరికంటే వయసు మళ్ళినవాణ్ణి పెద్దాయన అంటారు. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. చెప్పకపోతే అందర్నీ ఇంటికి పంపిస్తానన్నాడు మేనేజరు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. సారు చెల్లెలని మీకు మొదట్నుంచీ కుళ్ళు, 'చిన్న మేనేజరమ్మ' అని వెనకాల నవ్వుకోవడం నాకు తెలియదనుకున్నారా అన్నాడు.

పక్క సీటు అమ్మాయి హెడ్‌సెట్టు తీసి బల్లమీద పెట్టింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. వాటిని అలాగే వదిలేసి లేచి, రండి సార్ అని స్టోరు గది వైపు నడిచింది.

స్టోరు గదిలో ఫోను లైన్ల యంత్రం ఉంటుంది. అది వేడెక్కకుండా ఎదురుగా ఒక పాత టేబుల్ ఫ్యాను రాత్రింబవళ్ళు తిరుగుతూ ఉంటుంది. అది కుడికి తల తిప్పుతుంది, ఆగి ఆలోచిస్తున్నట్టు ఓ క్షణం వణుకుతుంది, మళ్ళీ ఎడమకి తిప్పుతుంది. దాని ముందరి ఊచలకి ఒక జుట్టు రిబ్బను కట్టి ఉంది. రిబ్బనుకి బ్యాండు వేలాడుతోంది. ఫ్యాను తల తిప్పినప్పుడల్లా అది అటూ ఇటూ ఊగి ఊచలకి టకటక కొట్టుకుంటోంది.

"ఎవరు కట్టారు?"

"తనే కట్టుకుంది సార్."

అబద్ధం అన్నాడు. దానికేం ఖర్మ, అది చిన్నప్పట్నుంచీ కాలు నిలవని పిల్ల అన్నాడు. ఆ అమ్మాయి గోడకి చేరగిలబడి, ఎవరికో అప్పజెప్పాల్సిన పాఠం లాగా, గొంతు పెంచకుండా చెప్పింది.

గంట మోగితే మనుషులు లేస్తారు గానీ కాల్స్ ఆగవు. అందుకని గంట మోగినప్పుడల్లా అందరి కాల్స్‌నీ ఒకే సీటుకి మళ్ళించేలా ఏర్పాటు చేశారు. ఆ సీట్లో కూర్చున్నవాళ్ళు లేవడానికి వీల్లేదు. రోజుకొకరు కూర్చోవాలన్నది పద్ధతి. మొదటి రోజు ఎవరు కూర్చుంటారంటే మేనేజరే పిచ్చుకని కూర్చోబెట్టాడు. చెల్లెలికి మెత్తని పని ఇచ్చాడని రేపు ఒక్కడూ అనకూడదని అందరిముందూ అన్నాడు. రెండో రోజూ ఆమే. మూడో రోజు పెద్దాయన నేను కూర్చుంటానంటే, మా పిచ్చుక చాలు, మీరు నడవండి అన్నాడు. ఆ తర్వాత అడగడం మానేశారు. వంతులు మారుతున్నాయో లేదో మేనేజరు కూడా మళ్ళీ చూడలేదు, ఫోనులో పాదాలే చూశాడు.

"అందరి నడకా తనమీదే నడిచింది సార్. మేం లేచినప్పుడల్లా తను కూర్చుంది. మేం కూర్చున్నాక తన సొంత కాల్స్ ఉండేవి. బాత్రూముకి లేవాల్సొస్తుందని నీళ్ళు తాగడం కూడా మానేసింది."

మొదటి వారం పిచ్చుక పాదం బూడిదరంగులోనే ఉండిపోయింది. అది మేనేజరుకి గుర్తే. అద్దాల గదిలోంచి బయటికొచ్చి, నా ఇంటి మనిషినే లేపలేకపోతే మిమ్మల్నేం లేపుతాను, ఈ ఒక్కదానివల్ల కప్పు పోయేలా ఉందని ఆమెని ఎత్తిపొడిచాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ సాయంత్రమే జుట్టుకున్న రిబ్బను విప్పి స్టోరు గదిలోకి వెళ్ళింది.

"ఇంతమంది ఉన్నారు. ఒక్కరు నాతో చెప్పలేకపోయారా?"

"పెద్దాయన చెప్పాడు సార్. ఆ పిల్ల అంతంతసేపు కూర్చుంటోంది, కాలు ఈడ్చుకుంటూ నడుస్తోంది, మంచిది కాదన్నాడు. మీరు ఫోను తీసి ఆకుపచ్చ పాదం చూపించి, ఆయన్ని కళ్ళడాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు."

మేనేజరు రిబ్బను పట్టుకుని లాగాడు. ముడి రాలేదు. ఫ్యాను తల తిప్పుతూ అతని చేతిని కూడా తనతోపాటు పక్కకి తీసుకెళ్ళింది. చివరికి పళ్ళతో కొరికి తెంపాడు. బ్యాండు అరచేతిలో పడింది. ఫోనులో పాదం ఇంకొక్క అడుగు వేసి బూడిదరంగుకి మారింది.

అప్పుడు ఆస్పత్రికి ఫోను చేశాడు. డాక్టరుని పిలవమని బతిమాలాడు. ఆమె లైనులోకి వచ్చాక ఫ్యాను సంగతి గబగబా చెప్పేశాడు. వెంటనే, స్కాను గదికి తీసుకెళ్ళండని ఎవర్నో గట్టిగా పిలవడం వినిపించింది.

"మీరు ఇక్కడ ఉన్నప్పుడు ఈ సంగతి మీకు తెలియదా?" అని అడిగింది డాక్టరు.

"తెలియదండీ. ఇప్పుడే తెలిసింది," అన్నాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు పక్క సీటు అమ్మాయి కూడా టాక్సీ ఎక్కింది. పిచ్చుక చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ప్రతి కూడలిలోనూ ఎర్రదీపమే. మేనేజరు ప్రతిసారీ తలుపు తీయబోయాడు, దిగి పరిగెత్తుదామని. ప్రతిసారీ డ్రైవరు ఆపాడు.

వాళ్ళు మెట్లెక్కి పైకి వచ్చేసరికి స్కాను గది బయట నడవాలో తల్లి ఉంది. అల్లుడు కబురు పెడితే ఇంట్లోని చెప్పులతోనే వచ్చేసింది. గోడ పక్క బెంచీ మీద కూర్చుని, చేతిలో కూతురి చున్నీని మడతపెడుతోంది, విప్పుతోంది. స్కాను గది తలుపు అవతల మనుషులు పరుగులు పెడుతున్నారు. బల్ల మీదికి ఎక్కించేలోపే గుండె ఆగిందట. మళ్ళీ కొట్టుకునేలా చేశారట. మళ్ళీ ఆగిందట. ఇంకా ప్రయత్నిస్తున్నారని అల్లుడు చెప్పాడు. చెబుతున్నప్పుడు అతని చేతుల మీది పిండి ఎండి నేలమీద రాలుతోంది.

మేనేజరు ఫోను మోగింది. కప్పు తెచ్చినవాళ్ళు ఆఫీసులో కుర్చీల మధ్య నిలబడి, మీరెక్కడని అడుగుతున్నారు. అతను నడవా చివరికి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడాడు. అతను తిరిగొచ్చేలోగా పక్క సీటు అమ్మాయి బెంచీ ముందు నేలమీద కూర్చుని, ఆ తల్లికీ అల్లుడికీ సీటు సంగతీ ఫ్యాను సంగతీ అన్నీ చెప్పేసింది.

తలుపు తెరుచుకుంది. డాక్టరు బయటికొచ్చింది. టోపీ తీసి చేతిలో పట్టుకుంది. ఆమె ఏం చెప్పబోతోందో ఆ టోపీయే చెప్పేసింది.

తల్లి లేవలేదు. చున్నీ మడత అలాగే ఒళ్ళో ఆగిపోయింది.

కాల్లోంచి లేచిన గడ్డ ఊపిరితిత్తిలో అడ్డంపడిందని డాక్టరు నెమ్మదిగా చెప్పింది. కరిగించే మందుంది. వచ్చిన వెంటనే పడి ఉంటే ఆశ ఉండేది. నేను ఆ కాలు వదిలిపెట్టకుండా ఉండాల్సింది అని కూడా అంది, ఎవరి ముఖమూ చూడకుండా. మరో మంచం దగ్గరనుంచి పిలుపొస్తే వెళ్ళిపోయింది.

మేనేజరు గోడని పట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆపలేకపోయాడు. ప్రధాన కార్యాలయం వాళ్ళకి మనుషులంటే లెక్కలేదన్నాడు. గంటలు మోగిస్తారుగానీ కాల్స్ తగ్గించరన్నాడు. ఆ బ్యాండే ఒక దిక్కుమాలిన వస్తువు, ఫ్యానుకీ మనిషికీ తేడా తెలియదన్నాడు. ఆఫీసులో అంతమందికీ తెలిసి కూడా తనకి తెలియనివ్వలేదన్నాడు. ఆఖరికి, అది మాత్రం అన్నయ్యా కాలు నొప్పి అని ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేదని, లోపల పడుకున్న చెల్లెలి మీద కూడా వేశాడు.

అల్లుడు అంతా విన్నాడు. పెళ్ళయిన నాటినుంచీ భార్య అన్నగారి పెద్దరికానికి ఎదురు చెప్పని మనిషి. బావగారూ అని తప్ప పిలవని మనిషి.

"ఫోను ఎప్పుడు చూశావు?" అన్నాడు.

మేనేజరు చెయ్యి జేబులోని ఫోను మీదికి వెళ్ళింది.

"నర్సు సూది గుచ్చుతుంటే చూశావు. దాని చెయ్యి చూశావు, ఫోను చూశావు, నీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరు పక్కనే ఉంది. ఫోను జేబులో పెట్టుకున్నావు. ఏమైందని నేనడిగితే ఆఫీసు గొడవన్నావు."

"పూర్తిగా తెలియకుండా ఎలా చెప్పను? కనుక్కుని చెబుదామనే వెళ్ళాను. ఒట్టు, అమ్మా."

తల్లి కొడుకు వైపు చూడలేదు. అల్లుడి పిండి చేతుల వైపు చూస్తూ అడిగింది.

"నాకు సరిగా అర్థం కావడం లేదు నాయనా. ఈ అమ్మాయి ఫ్యానంటుంది, వీడు కంపెనీ అంటాడు. ఒక్కచోట నిలవని పిల్లని అంతసేపు కదలకుండా కూర్చోబెట్టిందెవరు? దాని ప్రాణం తీసిందెవరు?"

అల్లుడు వెళ్ళి ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"మీ అబ్బాయి, అత్తయ్యా," అన్నాడు.